మొదటి తోడు ఎవరింటిది?

పొద్దున్నే పేపరు పైకి చదవడం నా అలవాటు. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లు కళ్లతో చదివి పక్కన పెట్టేస్తారు గాని, నాకు అక్షరాలు వచ్చింది నలభై ఎనిమిదో ఏట కాబట్టి, నోటితో పలికితే తప్ప ఆ మాట నాదైనట్టు ఉండదు. బందరులో మా అమ్మాయి వాళ్లింటి వరండాలో కాఫీ గ్లాసు స్టూలు మీద పెట్టుకుని నేను చదువుతూ ఉంటే, ఇంట్లోవాళ్లు ఎవరి పనులు వాళ్లు చేసుకుంటూ వింటారు. వానలు, ధరలు, ఆగిపోయిన రైళ్లు, అన్నీ మా ఇంట్లో నా గొంతులోంచే తెలుస్తాయి.

మొన్నొక రోజు లోపలి పేజీలో ఓ మూల చిన్న వార్త కనబడింది. తమిళనాడు సముద్రపు ఒడ్డున మనవాళ్లు కట్టిన ఒక అణు రియాక్టర్ గురించి. అది తాను ఖర్చుపెట్టిన ఇంధనం కంటే ఎక్కువ ఇంధనాన్ని తానే తయారుచేసి ఇవ్వగలదట, ఆ రకాన్ని బ్రీడర్ అంటారట. ఆ మాటను నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుండగా, లోపల ఇడ్లీ తింటున్న మా అల్లుడు తలెత్తాడు. ముదినేపల్లి దగ్గర చెరువులు తీసుకుని రొయ్యలు పెంచుతాడు. పిల్లలు పెట్టే తల్లి రొయ్యను వాళ్లు బ్రూడరు అంటారు, దాని పిల్లల్ని సీడు అంటారు. తెల్లారి లేస్తే అతనికి అదే లోకం.

"బ్రూడర్లా అత్తయ్యా? తమిళనాడు నుంచి కొత్తవేమన్నా దిగినయ్యా? ఈసారన్నా మంచి సీడు పడితే బాగుండు," అన్నాడు.

జడ వేసుకుంటున్న మా మనవరాలు దువ్వెన పట్టుకుని నవ్వింది. "రొయ్యలు కాదు నాన్నా, కరెంటు గురించి."

"కరెంటు కూడా పిల్లల్ని పెడుతుందంటే ఇంకేం కావాలి? మన ఏరియేటర్లకి జనరేటరు తిప్పే బాధ తప్పుద్ది," అని అతను మళ్లీ ఇడ్లీలో పడ్డాడు.

వేళాకోళమే గాని అందులో అతని బాధ కూడా ఉంది. కరెంటు పోయి నీళ్లలో ఆ చక్రాలు తిరగడం ఆగితే, కాసేపటికే రొయ్యలు గాలి కోసం పైకి తేలిపోతాయి. కరెంటంటే దీపాలు, ఫ్యాన్లు అనుకునే రోజులు కావు ఇవి, మా ఇంట్లో అయితే అన్నం కూడా అదే.

మనవరాలు గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. రోజూ పొద్దున్నే రైలెక్కి వెళ్తుంది. ఆ వారమే ఈ పాఠం చెప్పాలట. వాడేకొద్దీ పెరిగే ఇంధనం అంటే పిల్లలు నమ్మరని, ఇదేదో చిట్టీల కంపెనీ వాళ్లు చెప్పే మాటలాగా ఉందని నవ్వుతారని దిగులు పడుతోంది. నేను పేపరు మడిచి, పాలు తోడేసినట్టని చెప్పు, అర్థమవుతుంది అన్నాను. ఆ పిల్ల దువ్వెన పక్కన పెట్టి నా వంక వింతగా చూసి, ఈ మాట నీకెవరు చెప్పారు అమ్మమ్మా అని అడిగింది. ఎవరు చెప్పారో అది పెద్ద కథ. దానికి రైలు టైమైంది కాబట్టి సాయంత్రం చెప్పాను. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. మీలో నా వయసువాళ్లకు ఇందులో సగం చెప్పకుండానే తెలుస్తుంది.

మా అత్తవారిది దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లెపాలెం. మగవాళ్లు సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్లు, ఆడవాళ్లం చేపలు ఎండబెట్టి, గంపలకెత్తుకుని చుట్టుపక్కల ఊళ్లలో అమ్మేవాళ్లం. పాడి ఉన్న ఇళ్లు మా పల్లెలో ఒకటీ రెండూ, అందులో మాది ఒకటి. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చి వెళ్లిన తర్వాత మా మామగారు ఎక్కడెక్కడో తిరిగి ఒక గేదెను తెచ్చారు. సాయంత్రమయ్యేసరికి మా అరుగు మీద గిన్నెలు వరస కట్టేవి. ఎవరి తోడు చెడినా, ఎవరింట్లో పెరుగు అయిపోయినా మా అత్త దగ్గరికే తోడు కోసం వచ్చేవాళ్లు. ఆవిడ కొబ్బరి చిప్పతో తీసి, గిన్నె అడుగున అంటీ అంటనట్టు వేసి, "కదపకుండా పొయ్యే, పోయి మూల పెట్టు," అని పంపేది. తోడు అడిగిన మనిషిని వట్టి గిన్నెతో పంపడం ఆవిడ ఎరగదు.

ఎందుకు ఎరగదో నాకు తర్వాత తెలిసింది. ఉప్పెన తర్వాత ఇళ్లు లేవు, వాకిళ్లు లేవు, ఆ మాట మీకు నేను చెప్పనక్కర్లేదు. కొన్ని నెలలకు గేదె వచ్చింది, పాలు వచ్చాయి, కాచారు, చల్లారబెట్టారు, తోడేద్దామంటే పల్లె మొత్తం మీద ఒక్క చుక్క పెరుగు లేదు. పాలున్నాయి గాని పెరుగయ్యే దారి లేదు. మా అత్త ఒక సత్తు గిన్నె పట్టుకుని పొలాల వైపు ఊళ్లకు నడిచి, ఎవరో ఏమో తెలియని ఇంటి ముందు నిలబడి అడిగితే, ఆ ఇల్లాలు పేరైనా అడక్కుండా చెంచాడు వేసి ఇచ్చిందట. ఆ చెంచాడే మా పల్లెలో ప్రతి ఇంటి పెరుగూ అయింది.

ఇక అసలు సంగతి. నాకు ఇరవై రెండేళ్లు ఉంటాయి, మా అమ్మాయి చంకలో పిల్ల. వేట సరిగా లేని రోజుల్లో ఒక జీపూ లారీ వచ్చి మా పల్లెకి అవతల సరుగుడు తోట పక్కన గుడారాలు వేశాయి. ప్రభుత్వం తరఫున ఇసుక పరీక్ష చేస్తారని అన్నారు. ఇసుకలో చూడ్డానికి ఏముంటుందని మేము నవ్వుకున్నాం. మనుషుల్ని పెట్టి ఇసుకలోకి ఇనుప గొట్టాలు దించేవారు, తీసిన ఇసుకను బేసిన్లలో పోసి కడగడానికి ఆడకూలీలు కావాలన్నారు. మా అత్తా నేనూ ఇంకో నలుగురం కుదురుకున్నాం.

ఆఫీసరు గారు మన తెలుగాయనే, గోదావరి అవతలి మనిషి. సన్నగా, కళ్లద్దాలతో, ఎండకు తువ్వాలు చుట్టుకుని ఉండేవారు. మమ్మల్ని తొట్టి దగ్గర నిలబెట్టి ఆయన చెప్పింది ఒకే ఒక్క మాట. ఈ ఇసుకను నీళ్లలో బాగా గాలించి, ఆ మిగిలిన సరుకు గుడ్డ సంచుల్లో పొయ్యండమ్మా అన్నారు. గాలించడం మాకు కొత్తా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బియ్యం గాలించినవాళ్లమే. ఆయన కూడా అదే అనుకుని, ఈ పని వీళ్లకు నేర్పేదేముందని, గొట్టాలు దించే చోటుకి వెళ్లిపోయారు.

మేం గాలించాం. మా అత్త గాలించడం చూస్తే మీకు ముచ్చటేసేది. బేసినులో నీళ్లు పోసి, ఇసుకను చేత్తో ఒక్క తిప్పు తిప్పి, పైన తేలిన తెల్లటి ఇసుకను నీళ్లతో సహా గుడ్డలోకి ఒంపేసేది. అడుగున బరువుగా నల్లగా చేరినదాన్ని, బియ్యంలో రాళ్లు మిగిలినట్టే కదా, తొట్టి పక్కన పారబోసేది. ఆవిడను చూసి మేమందరం అట్లాగే చేశాం. మూడు రోజులు. సంచుల్లో ఇసుక పంచదారలాగా మెరిసిపోతూ ఉంటే మాకెంత గొప్పగా ఉందో. ప్రతి సంచికీ ఆఫీసరు గారి మనిషి ఒక అట్ట చీటీ కట్టి దాని మీద ఏదో రాసేవాడు. ఆ చీటీల మీద గీతలు నాకు చీమల బారులాగా కనబడేవి.

మూడో రోజు మధ్యాహ్నం ఇంకో మకాం నుంచి ఒక పెట్టె వచ్చింది. చేతిపట్టు ఉన్న చిన్న పెట్టె, దగ్గర పెడితే టిక్కు టిక్కుమని మోగుతుంది. ఆఫీసరు గారు దాన్ని మా సంచుల మీద ఒక్కొక్కదాని మీదా పెట్టి చూశారు. అది ఎప్పుడో ఒకసారి టిక్కుమంటోంది, మళ్లీ ఊరుకుంటోంది. అది మోగినప్పుడల్లా మా అత్త బల్లి పలికిందనుకుని చిటిక వేసి కృష్ణ కృష్ణ అనుకుంటోంది. ఆయన మొహం మాత్రం చిన్నబోయింది. పుస్తకం తీసి ఏదో రాసి, కింద ఒక గీత గీసి, ఈ ఒడ్డున లేదయ్యా, రేపు పొద్దున గుడారాలు పీకండి అని మనుషులతో అన్నారు.

మాకు దిగులేసింది. ఇరవై రోజుల పని అన్నది మూడు రోజులకే అయిపోయింది. అయినా చేసేదేముంది, ఆయన వెతికేది మా దగ్గర లేకపోతే ఆయన తప్పా? నేను నీళ్ల బిందె పెట్టడానికి గుడారంలోకి వెళ్లాను. అక్కడ ఆయన మనిషి ఇంకో ఊరి ఒడ్డు నుంచి తెచ్చిన సరుకు అరచేతిలో పోసుకుని ఎవరికో చూపిస్తున్నాడు, ఇదిగో ఇది, దీని కోసమే ఇన్ని ఊళ్లు తిరుగుతున్నాం అంటూ. నేను తొంగి చూశాను. నల్లగా, కాటుక రంగులో, బరువుగా. మూడు రోజులుగా మేం తొట్టి పక్కన పారబోసింది అదే.

నేను పరుగెత్తుకెళ్లి మా అత్తకు చెప్పాను. ఆవిడ ముందు నమ్మలేదు.

"ముప్పై ఏళ్ల నించి గాలిస్తన్నానే. నా కూట్లో ఒక్క రాయి తగిలిందని మీ మామ అన్నాడా ఏనాడన్నా?"

"బియ్యం కాదత్తా, వాళ్లకి రాయే కావాలంట."

"రాయి కావాలన్నోడు రాయి ఏరమనాలి గాని గాలించమంటాడా!" అని కాసేపు అరిచి, ఆ తర్వాత గొంతు తగ్గించి, "నువ్వేం చెప్పమాకే. రేపు ఎల్లిపోయేవోడికి ఎదురెల్లి చెప్పుకుంటామా? మూడు రోజుల పని పాడుచేశారని అందరి ముందూ తిడతాడు. ఈ చుట్టుపక్కల మళ్లీ ఎవడూ మనల్ని పనికి పిలవడు," అంది.

ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఆవిడ భయం కూలి గురించి కూడా కాదు, గాలించడంలో ఆవిడకున్న పేరు గురించి. నా భయం వేరు. ఆయన పుస్తకంలో గీసిన ఆ గీత నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మా ఒడ్డున ఏమీ లేదని కాగితం మీదికి ఎక్కిపోయింది, అది నా చేతుల వల్ల ఎక్కింది. నాకు చదువు రాదు గాని, కాగితం మీద పడిన మాట మనిషి మాటలాగా మర్నాటికి మారదని తెలుసు. ఉప్పెన తర్వాత మా పేర్లు ఏ జాబితాలో ఉన్నాయో, ఏ జాబితాలో లేవో అని తిరిగినవాళ్లం మేము.

పొద్దున్నే, గుడారం తాళ్లు విప్పుతుండగా, పిల్లను చంకనేసుకుని వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. మా అత్త వద్దు వద్దంటూనే నా వెనకాలే వచ్చింది.

"అయ్యగారూ, మీకు కావాల్సిన నల్లది మేమే పారబోశామండీ."

ఆయనకు అర్థం కాలేదు. "ఎక్కడ పారబోశారమ్మా?"

"అదిగోనండీ, తొట్టి పక్కన."

"అయ్యో, ఎందుకు?"

"మీరు గాలించమన్నారు కదండీ. గాలిస్తే రాయి పారేస్తాం గాని బియ్యం పారేస్తామాండీ?"

తిడతారని నేను కళ్లు దించుకున్నాను. ఆయన ఆ పెట్టె తెప్పించి, తొట్టి పక్కన మేం పారబోసిన కుప్ప దగ్గర కూర్చుని దాని మీద పెట్టారు. అది మోగడం మొదలుపెట్టింది చూడండి, వాన చినుకులు రేకుల మీద పడ్డట్టు, ఆపకుండా. మా అత్త చిటికలు వేయడానికి వేళ్లు చాలలేదు. "బల్లి ఇన్ని సార్లు పలికిందంటే మా కోడలు చెప్పింది సత్యమేనయ్యా," అని ఆవిడే అనేసింది, రాత్రంతా చెప్పొద్దన్న మనిషి. ఆయన ఇసుకలో అట్లాగే కూలబడి, కళ్లద్దాలు తీసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. విప్పిన తాళ్లు మళ్లీ కట్టించారు. పుస్తకం తీసి ఆ పేజీలో రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, పైన ఇంకేదో రాశారు. ఏం రాశారో చూద్దామని నేను మెడ చాచాను, చీమల బారు తప్ప ఏమీ కనబడలేదు. నా జన్మలో చదువు రాలేదని మొట్టమొదటిసారి ఏడుపొచ్చింది అప్పుడే.

ఆ సాయంత్రం మా అత్త కుండతో మజ్జిగ పట్టుకెళ్లింది, తప్పు చేసిన ఇంటి వాళ్లం కదా అని. అందరం ఇసుకలో కూర్చున్నాం. అసలు ఇది దేనికయ్యా అని ఆవిడే అడిగింది. ఆయన చిటికెడు నల్లిసుక అరచేతిలో పరిచి, నల్లటివాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి తేనె రంగులో ఉన్న రేణువుల్ని పుల్లతో చూపించారు. అసలు సరుకు అదట, అందులో థోరియం అనే లోహం ఉంటుందట, దానితో ఒకనాటికి ఊళ్లకు కరెంటు వస్తుందట. అయితే అది దానంతట అది మండదు. మండే రకం లోహం కొంచెం తెచ్చి, దీన్ని దాని చుట్టూ పేర్చి ఉంచితే, దానిలోంచి కంటికి కనబడనంత చిన్నవి ఎగిరొచ్చి దీనికి తగిలి, మెల్లమెల్లగా ఇది కూడా మండే రకంగా మారిపోతుందని చెప్పారు. మేం బిక్కమొహాలు వేశాం. ఆయన పొయ్యి అన్నారు, తడికట్టె అన్నారు, చెప్పలేక అవస్థ పడుతున్నారు. మా అత్త మజ్జిగ కుండ వంక చూసింది.

"తోడేసినట్టా అబ్బాయా? పాలు ఊరికే ఉంటే పాలే. ఇంత పెరుగు తగిలిస్తే కుండంతా పెరుగైద్ది. మళ్లీ అందులోంచి చెంచాడు తీసి రేపటికి వేసుకుంటాం. ఇక మన పెరుగుకి లోటేముంది?"

ఆయన మజ్జిగ గ్లాసు ఇసుకలో పెట్టేశారు. "అంతే పెద్దమ్మా. సరిగ్గా అంతే. నేను పదేళ్లుగా చదివింది నువ్వు ఒక్క మాటలో చెప్పావు. పాలు మీ ఒడ్డున ఉన్నాయి."

"మరి మొదటి తోడు ఎవరింటిది?"

ఆయన నవ్వడం మానేశారు. అదే పెద్ద చిక్కు పెద్దమ్మా అన్నారు. మనకున్న యురేనియం తక్కువ, అందులో మండే రకం నూటికి ఒక వంతు కూడా ఉండదు. దాన్ని మామూలు రియాక్టర్లలో కాల్చి, మిగిలినదాంట్లోంచి ప్లుటోనియం అని ఒకటి ఏరి, అది కూడబెట్టి, దాంతో ఇంకో రకం రియాక్టరు నడిపి, అందులో వాడినదానికంటే ఎక్కువ పుట్టించి, అప్పుడు గాని ఈ ఇసుక దాకా రాలేం, ఎన్నేళ్లు పడుతుందో నేను చెప్పలేను అన్నారు.

"అన్నేళ్లెందుకు? పక్కింటోళ్లని అడగరాదా?"

"పక్కింటివాళ్లు ఇవ్వరు పెద్దమ్మా."

"తోడు ఇవ్వనిది కూడా ఒక ఇల్లేనా!" అని మా అత్త ముక్కు మీద వేలేసుకుంది. ఏ దేశాలను గురించి ఆయన అంటున్నారో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. ఆవిడ కళ్ల ముందు ఉన్నది ఉప్పెన తర్వాత పేరు అడక్కుండా చెంచాడు పెరుగు వేసిన ఆ ఇల్లాలు.

మిగతా రోజులన్నీ మేం తిరగేసి గాలించాం. పైది పారబోసి అడుగుది దాచడం మా చేతులకు ఎంత కష్టమైందో చెప్పలేను, ఇంటికెళ్లి బియ్యం గాలిస్తే ఒక రోజు మా అత్త బియ్యం పారబోసి రాళ్లు ఎసట్లో వేయబోయింది. ఆ కథ మా పల్లెలో ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. మా మామగారైతే అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, "ఇది ఆఫీసరు గాలింపా, మన గాలింపా?" అని అడిగి తిట్లు తినేవారు.

వాళ్లు వెళ్లిపోయే రోజు, ఆకూ వక్కా వేసుకోవడానికి ఒక చిన్న సంచి ఇవ్వమని నేను అడిగాను. ఆయన ఒక ఖాళీ సంచి తీసి, దానికున్న చీటీ విప్పబోయి, ఆగి, వెనక్కి తిప్పి దాని మీద ఏదో రాసి ఇచ్చారు. ఏం రాశారని నేను అడగలేదు. మా తప్పు రాశారనుకున్నాను. వీళ్లు మూడు రోజుల పని పాడుచేశారని గుర్తుగా రాసి ఉంటారని నాలో ఏదో గట్టిగా చెప్పింది. అందుకే ఆ చీటీ ఎవరికీ చూపించలేదు. మేం దివిసీమ వదిలి, పులిగడ్డ వంతెన దాటి, చల్లపల్లి మీదుగా బందరు వచ్చి చేపల వ్యాపారం పెట్టుకున్నప్పుడు కూడా, ఒక చేతిలో మా అత్త ఇచ్చిన తోడు గిన్నె, ఇంకో చేతిలో పిల్ల, రొంటిన ఆ సంచి. సంచిలో వక్కలు మారేవి గాని చీటీ అట్లాగే ఉండేది, ఇంట్లో చదివేవాళ్లు ఉన్నా నేను చదవమని ఇవ్వలేదు.

పాతికేళ్లు గడిచాయి. మనవరాలు ఒకటో తరగతిలో చేరింది. పలక మీద అది దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దేదాన్ని. దానికి అ ఆలు వారంలో వచ్చాయి, నాకు మూడు నెలలు పట్టింది. ఒత్తులు నన్ను ఏడిపించాయి. "అమ్మమ్మా, నీకు మార్కులు వెయ్యనా?" అని అది నా పలక మీద సున్నాలు చుట్టేది. గుణింతాలు వచ్చిన రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, సంచి తీసి చీటీ తిప్పాను. సిరా గోధుమ రంగుకు తిరిగిపోయింది. ఒక్కో అక్షరం వేలు పెట్టి, నోటితో పలికి, మొదటికి వచ్చి మళ్లీ పలికి చదివాను.

"రెండోసారి గాలించినది. మొదటిసారి తప్పు నాది, సరిగా చెప్పలేదు."

అంతే ఉంది. నాది అన్న మాట మీద మళ్లీ వేలు పెట్టి కూడబలుక్కున్నాను, చదవడంలో పొరపాటు పడ్డానేమోనని. పాతికేళ్లు నా తప్పును మోస్తున్నాననుకున్నాను, మోసింది ఆయన మన్ననను. మా అత్త అప్పటికి లేదు. ఉంటే చదివి వినిపించేదాన్ని, ఆవిడ గాలింపులో తప్పేమీ లేదని.

ఇదంతా విన్న తర్వాత మనవరాలు మిగతాది నాకు చెప్పింది. ఆయన చెప్పిన ఆ తోడు కూడబెట్టడానికి నలభై ఏళ్లు దాటిపోయాయట. ఇప్పుడు పేపర్లో వచ్చిన ఆ రియాక్టరు నడుమ ప్లుటోనియం ఉంటే, చుట్టూ మండని యురేనియాన్ని దుప్పటిలాగా కప్పుతారట, ఆ దుప్పటిలోనే కొత్త ఇంధనం పుడుతుందట. అది సరిపడా చేరాక ఎప్పటికో మా తేనె రంగు రేణువుల వంతు. బొగ్గు తవ్వితే అయిపోతుంది గాని, ఇది కుదిరితే లోకానికి వందల ఏళ్లు, ఇంకా ఎక్కువే, వెతుక్కోనక్కర్లేదంటారట. అది కుదిరితే అన్న మాటను మనవరాలు ఒత్తి పలికింది. కొన్ని దేశాలు మొదలుపెట్టి ఖర్చు భరించలేక ఆపేశాయట. లోపల వేడిని మోయడానికి వాడే సోడియం నీళ్లు తగిలితే మండుతుందట. వాడగా మిగిలిన బూడిదను తరతరాలు కాపలా కాయాలట. నాకు భయం వేయలేదని అనను. కాని నిప్పు ఉన్న ఏ ఇంట్లో కాపలా లేదు? తొందరపడి కుండ కదిపితే పెరుగు విరుగుతుందని మా అత్త పదేపదే చెప్పేది. ఈ పని చేసేవాళ్లకు కూడా ఆ నిదానం ఉండాలని మాత్రం అనుకున్నాను.

మర్నాడు అది క్లాసులో ఈ పాఠం చెప్పి వచ్చింది. నా సంచిని, చీటీని పట్టుకెళ్లి పిల్లలకు చూపించింది కూడా. బాగానే నడిచిందట గాని ఒక చోట ఆగిపోయిందట. తోడు అంటే ఏమిటి మేడమ్ అని సగం మంది అడిగారట. వాళ్లిళ్లలో పెరుగు ప్యాకెట్లలో వస్తుంది. ఫ్రిజ్జులోంచి తీసి కత్తిరిస్తే పెరుగు. నేను ముందు నవ్వాను. సాయంత్రాలు గిన్నె పట్టుకుని గడపలోకి వచ్చే మనిషి ఇప్పుడు మా వీధిలో కూడా లేదు. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ప్యాకెట్టు పెరుగు మా అల్లుడికి నచ్చుతుంది, నేనూ తింటాను. కాని తోడు కోసం వచ్చినప్పుడు పెరుగొక్కటే కాదు కదా చేతులు మారేది, ఎవరింట్లో జ్వరమో, ఎవరి పడవ రాలేదో, అన్నీ ఆ చెంచాడుతోనే వెళ్లేవి. అది ఏ తరం దగ్గర ఆగిపోయిందో మనం గమనించనే లేదు.

అయితే ఒక అమ్మాయి, పామర్రు వైపు నుంచి బస్సులో వస్తుందట, పాఠం అయ్యాక లేచి, మరి మొదటి తోడు ఎవరిచ్చారు మేడమ్ అని అడిగిందట. మనవరాలికి మా అత్త లేచి కూర్చున్నట్టు అనిపించిందట. ఆ పిల్లకు తోడేసి చూడాలని ఉందట, వాళ్లింట్లో పాలున్నాయి గాని తోడు లేదు.

నిన్న రాత్రి పాలు కొంచెం గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడేసి మూల పెట్టాను. ఇది మా అత్త ఇచ్చిన గిన్నెలోదేనని ఒట్టేసి చెప్పలేను, మధ్యలో ఎన్నిసార్లు పోయిందో, ఎన్నిసార్లు ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నానో. ఈ పొద్దున అది గడ్డగా తోడుకుంది. చెంచాడు తీసి చిన్న స్టీలు డబ్బాలో వేసి, మూత బిగించి, ఆ పిల్లకిమ్మని మనవరాలి సంచిలో నిలువుగా పెట్టాను. గుడివాడ రైలు దాన్ని ఎంత కుదిపినా ఫరవాలేదు, తోడుకున్నది కాబట్టి. తర్వాత ఏదో మరిచిపోయినట్టనిపించి, అట్టముక్క ఒకటి కత్తిరించి, దారం కట్టి, నా చేత్తో రాశాను. ఒత్తులు ఇప్పటికీ వంకరే వస్తాయి. మొదటిది ఎవరింటిదో మాకూ తెలియదమ్మా అని ఒక వరస రాసి, దాని కింద ఇంకో వరస రాశాను: అంతా తినెయ్యకు, రేపటికి ఒక చెంచాడు ఉంచు.